ప్రత్యుత్తరము రాని ప్రార్థన

చదువరులారా, ప్రార్థనను గూర్చి మాటలాడుట సులభము. అడిగినది లభింపని నాడు ప్రార్థించుట కష్టము. ఈ పాఠమునందు మేము రెండవదానిని గూర్చియే విచారింపదలచినారము.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ యను మూడు పట్టణములును పూర్వపు నల్లగొండ జిల్లాలోనివి. 2016వ సంవత్సరము అక్టోబరు నెలలో జిల్లాలు విభజింపబడినప్పుడు సూర్యాపేట క్రొత్త జిల్లాకు ముఖ్యపట్టణ మయ్యెను. కోదాడ దానియందు చేరెను. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాయందే నిలిచెను. ఈ ప్రాంతమున క్రైస్తవ కుటుంబములు నూరు సంవత్సరములకు పైగా నున్నవి. ఆదివారమున మందిరమునకు వచ్చువారిలో రైతులు, కూలివారు, బడిపంతుళ్లు, బియ్యపుమిల్లులలో పనిచేయువారు గలరు. వీరికి ప్రార్థన యనగా వేదాంతచర్చ కాదు. బిడ్డకు జ్వరము తగ్గవలెను, వాన కురియవలెను, అప్పు తీరవలెను, కొడుకునకు ఉద్యోగము దొరకవలెను. వీరు అడుగునవి యివి.

అట్టి యొక గృహమును భావింతము. ఇంటి పెద్దకొడుకునకు జబ్బు చేసినది. తల్లి ఉపవాసములుండి ప్రార్థించినది. సంఘస్థులు సాయంకాలమున వచ్చి మంచము చుట్టును మోకరించిరి. వైద్యమునకు పొలము కుదువ పెట్టిరి. కుమారుడు బ్రదుకలేదు. అదే మాసమున, అదే రోగమున, అదే వైద్యశాలయందు పొరుగువారి కుమారుడు బాగుపడెను. ఆ పొరుగువారు ఆదివారమున మందిరమున నిలిచి, దేవుడు మా ప్రార్థన ఆలకించెనని సాక్ష్యము చెప్పిరి. వారు చెప్పినది తప్పు కాదు. అయినను వెనుకవరుసలో చాపమీద కూర్చున్న యీ తల్లి కొంగు నోట గ్రుక్కుకొని లేచి బయటికి పోయినది. మరుసటి ఆదివారము ఆమె తన యింటి గడపయొద్ద నిలిచి, మందిరమునకు పోవుదునా, మానుదునా యని ఆలోచించుచున్నది.

ఇది యొక్కరి కథ గాదు, అనేకుల కథ. ఆ గడపయొద్ద నిలిచిన మనుష్యునకు ఏమి చెప్పదగును? ఏమి చెప్పరాదు? ఇదియే మన ప్రశ్న.

1. గ్రంథము దాచనిది

క్రైస్తవుల గ్రంథము ఫలింపని ప్రార్థనలను మరుగుపరచలేదను విషయమును మొట్టమొదట గమనింపవలెను. భక్తుల విజయములను మాత్రమే వ్రాయదలచిన వారైనచో ఆ గ్రంథకర్తలు కొన్ని పుటలను తీసివేసియుందురు. వారు తీసివేయలేదు.

యేసుక్రీస్తు తాను పట్టుబడిన రాత్రి గెత్సెమనే తోటలో నేలమీద సాగిలపడి, ఆ శ్రమపాత్ర తనయొద్దనుండి తొలగిపోవలెనని తండ్రిని వేడెను. ఒక్కమారు కాదు, మూడుమారులు వేడెనని మత్తయి సువార్త తెలుపుచున్నది. పాత్ర తొలగలేదు. మరునాడు ఆయన సిలువ వేయబడెను. కావున అడిగినది లభింపకపోవుట అవిశ్వాసమునకు గుర్తని యెవరైన వాదించినచో, ఆ వాదము మొదట తగులునది యేసుక్రీస్తునకే. ఈ యొక్క విషయము గ్రహించినచో అనేక గృహములలోని అనవసరమైన దుఃఖము తగ్గును.

అపొస్తలుడైన పౌలు తన శరీరమునందలి ముల్లువంటి బాధను తొలగింపుమని మూడుమారులు ప్రార్థించినట్లు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో చెప్పుకొనెను. ముల్లు పోలేదు. దానిని భరించుటకు చాలిన కృప యుండునను మాట మాత్రము అతనికి దొరకెను. ఇతరులు అతని చేతిమీదుగా స్వస్థత పొందిరని గ్రంథము చెప్పుచుండగా, అతని బాధ మాత్రము అతనితోనే యుండెను.

కీర్తనల గ్రంథమునందు 88వ కీర్తన యున్నది. తక్కిన విలాపకీర్తనలు పెక్కులు దుఃఖముతో మొదలై స్తోత్రముతో ముగియును. ఇది అట్లు ముగియదు. చీకటియందే మొదలై చీకటియందే నిలిచిపోవును. యూదులును, క్రైస్తవులును రెండువేల యేండ్లకు పైగా దీనిని తమ ప్రార్థనలలో చేర్చుకొని చదువుచున్నారు. ఓదార్పు దొరకని దినమున కూడ దేవునితో మాటలాడవచ్చునని యీ కీర్తన యుండుటయే చెప్పుచున్నది.

యోబు కథ మనదేశమునందును పండితులెరిగినదే. అతనికి కష్టములు రాగా మిత్రులు వచ్చి యేడు దినములు నోరెత్తక అతని ప్రక్కను నేలపై కూర్చుండిరి. అంతవరకు వారు మంచి మిత్రులే. తరువాత కారణములు చెప్పుటకు మొదలుపెట్టిరి: నీవేదో పాపము చేసియుందువు, లేనిచో ఇట్లు జరుగునా? గ్రంథము ముగియునప్పటికి దేవుని కోపమునకు గురియైనవారు మొరపెట్టిన యోబు కాదు, కారణములు చెప్పిన మిత్రులు. ఓదార్చుటకు పోవువారందరును ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

అయినను ఒక చిక్కు మిగిలియున్నది. అడుగువారికి దొరకునని యేసు బోధించియుండెను గదా? ఆ బోధ లూకా సువార్త 11వ అధ్యాయమునను, మత్తయి సువార్త 7వ అధ్యాయమునను కలదు. రెండింటిని ప్రక్కప్రక్కను పెట్టి చదువవలెను. మత్తయియందు తండ్రి మంచివాటి నిచ్చునని యున్నది. లూకాయందు పరిశుద్ధాత్మ నిచ్చునని యున్నది. చేప నడిగిన బిడ్డకు తండ్రి పాము నియ్యడు అను పోలిక రెండింటను కలదు. తండ్రి స్వభావమునకు అది హామీ. బిడ్డ కోరిన ప్రతి వస్తువునకు అది వ్రాసియిచ్చిన పత్రము కాదు. ఈ భేదమును విడిచి ఆ వాక్యములను బజారుచీటివలె చూపుట గ్రంథమునకు న్యాయము గాదు, దుఃఖితునకు దయయు గాదు.

2. సూర్యాపేట సంఘమును కోరి ప్రార్థించినవారు

ఇక గ్రంథమునుండి మన నేలకు వత్తము. తెలుగుదేశమున అమెరికను బాప్తిస్టుల పని 1836లో శామ్యూల్ డే దొరగారితో మొదలయ్యెను. 1840లో నెల్లూరు దానికి స్థానమయ్యెను. చాలకాలము ఫలితము మిక్కిలి స్వల్పము. ఈ పనిని మానివేయుదుమా యని అమెరికాలోని సభవారు ఒకమారు గాదు, పలుమారులు ఆలోచించిరి. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూవెట్ దొరగారును, ఆయన భార్యయును, కొలదిమంది తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండపైకెక్కి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. ఆ ప్రార్థన తరువాత పండ్రెండేండ్లకు, అనగా 1866లో, క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చిరి. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ కథను పలువురు ప్రార్థనకు ఆలస్యముగా వచ్చిన జవాబని చెప్పుదురు. చెప్పవచ్చును. కాని కథ యంతయు చెప్పవలెను. మొదట విత్తనము వేసిన శామ్యూల్ డే 1871లోనే కన్నుమూసెను. ఆ దినమును ఆయన చూడలేదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున ఘోరక్షామము వచ్చెను. అన్నము కొరకు దేవుని వేడుకొని చనిపోయినవారు లక్షలమంది. క్లౌ దొరగారు క్షామకాలమున బకింగ్‌హాము కాలువలో కొంతభాగము త్రవ్వించు పనిని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. అన్నము కొరకు మతము మార్చుకొనిరను మాట రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మము లిచ్చుట నిలిపిరి. ఒక కొండమీది ప్రార్థనకు జవాబు వచ్చిన యేండ్లే అనేక గుడిసెలలోని ప్రార్థనలకు జవాబు రాని యేండ్లు. రెండును ఒకే చరిత్ర. ఒకదానిని చెప్పి రెండవదానిని మరచుట సత్యము గాదు.

సూర్యాపేట చరిత్ర ఇంతకంటెను విచారింపదగినది. నల్లగొండలో 1890లో మిషను స్థాపించిన అబ్రహాము ఫ్రీసెన్ దొరగారును, 1900లో సూర్యాపేటకు వచ్చిన హ్యూబర్ట్ దొరగారును అమెరికావారు గారు. వారు రష్యా చక్రవర్తి యేలుబడిలోని మెనొనైట్ బ్రదరన్ అను సంఘమునకు చెందినవారు. వారి గ్రామములలో ముఖ్యమైనవి మొలోచ్నా యను నది ప్రక్కను, నేటి ఉక్రెయిను దేశమున నుండెను. ఆ రైతులు గోధుమ పండించి, వచ్చినదానిలో కొంత తీసి నల్లగొండకు పంపుచుండిరి. అమెరికను బాప్తిస్టుల సభ నీడను వారి బోధకులు ఇచ్చట పనిచేసిరి. తెలుగు తెలియని ఆ గ్రామములలో స్త్రీలును పురుషులును నల్లగొండ పేరు, సూర్యాపేట పేరు చెప్పి ప్రార్థించుచుండిరి.

1914లో మహాయుద్ధము వచ్చెను. రష్యానుండి సహాయము నిలిచిపోయెను. తరువాత విప్లవము, దాని వెనుక అంతర్యుద్ధము. 1919లో దోపిడిగుంపులు ఆ గ్రామములపై పడి పలువురిని చంపెను. 1921, 1922 సంవత్సరములలో కరవు వచ్చెను. గోధుమ పండించి యితరులకు పెట్టిన చేతులు అమెరికానుండి వచ్చిన తమవారి వంటశాలలయొద్ద గిన్నెలు పట్టుకొని నిలిచెను. 1923 మొదలు 1930 వరకు సుమారు 20,000 మంది మెనొనైట్లు కెనడాకు వలసపోయిరి. పోలేనివారి ప్రార్థనామందిరములు 1930 తరువాతి యేండ్లలో మూయబడెను. పెద్దలు పలువురు చెరలకు పంపబడిరి.

ఆ గృహములలో ఒక్కపూట చేసిన ఒక్క ప్రార్థనలో రెండు కోరికలు ఉండియుండును గదా: సూర్యాపేట సంఘమును వర్ధిల్లజేయుము, మా పిల్లలను కాపాడుము. మొదటిది నెరవేరెను. రెండవది అనేకుల విషయమున నెరవేరలేదు. ఒకే నోట, ఒకే మోకాళ్లమీద, ఒకే తండ్రిని అడిగిన రెండు కోరికలకు రెండు విధములైన ఫలితములు. మొదటిదానికి వారి విశ్వాసము చాలినది, రెండవదానికి చాలలేదని యెవరు చెప్పగలరు? ఆ మాట చెప్పుటకు సాహసించువాడు మొదట సూర్యాపేట మందిరమున నిలిచి, ఎవరి త్యాగమువలన ఆ గోడలు లేచెనో జ్ఞాపకము తెచ్చుకొనవలెను.

3. ప్రార్థన శూన్యమను లెక్క

ఇక విద్యావంతుల ఆక్షేపణను విందము. వంగదేశమున తత్త్వబోధినీ పత్రికకు సంపాదకుడుగా నుండిన అక్షయకుమార దత్తు ఒక ప్రసిద్ధమైన లెక్క చెప్పెను. కృషికుడు పాటుపడినచో పంట వచ్చును. పాటుపడి ప్రార్థించినను అదే పంట వచ్చును. కావున ప్రార్థన విలువ సున్న. బ్రహ్మసమాజమున నుండియే యీ మాట చెప్పెను గనుక దానిని తేలికగా త్రోసివేయరాదు.

ఈ లెక్కలో సత్యము గలదు. కార్తీకమాసమున మిర్యాలగూడ మార్కెట్టు యార్డులో వడ్లు కుప్పపోసిన రైతు వాన రావలదని మ్రొక్కుచుండును. అదే రాత్రి సూర్యాపేట యెగువ మెట్టపొలమున పూతకు వచ్చిన కందిచేను గల రైతు ఒక్క వాన కురియవలెనని మ్రొక్కుచుండును. ఇద్దరును భక్తులే, ఇద్దరికిని పిల్లలు గలరు. మేఘము ఇద్దరి మాట వినలేదు. అది గాలిని, వేడిమిని, సముద్రమునందలి వాయుగుండమును అనుసరించి నడచును. దేవుడు నియమమును ఏర్పరచి, దానిని ప్రతిదినము మార్చుచున్నచో ఆ నియమముపై ఎవడును విత్తనము వేయలేడు, ఎవడును వైద్యము చేయలేడు. ప్రకృతినియమము స్థిరముగా నుండుటయే ఒక గొప్ప వరము. కాని ఆ వరము కొన్ని దినములలో మన యింటిమీదనే పడును.

అయినను ఆ లెక్క పంటను మాత్రమే కొలిచినది. పంట కోయువానిని కొలువలేదు. ఇద్దరు రైతులు ఒకే నష్టము పొందిరి. ఒకడు పురుగులమందు త్రాగదలచెను. రెండవవాడు రాత్రి యేడ్చి, దేవునితో తగవులాడి, తెల్లవారి పొరుగువాని యింటికి పోయి తన బాధ చెప్పుకొనెను. పంట సున్నయే, మనుష్యుడు సున్న కాలేదు. ఈ భేదము ఏ తూకమునకును అందదు. కాని ఆ యింటి భార్యాబిడ్డల నడిగినచో అది యెంత పెద్దదో చెప్పుదురు. రెండవవాని భక్తి గొప్పది, మొదటివాని భక్తి కొద్దియని మేము చెప్పుటలేదు. మనోవ్యాధి భక్తులకును వచ్చును, దానికి వైద్యమును కలదు. ప్రార్థన మనుష్యుని ఒంటరితనమునుండి లేపి పదిమంది యొద్దకు నడిపింపగలదని మాత్రమే మేము చెప్పుచున్నాము.

4. నీటి కొరకైన మొర

పూర్వపు నల్లగొండ జిల్లాయందు నూరేండ్లకు సరిపోవు ప్రార్థన యొకటి గలదు. అది మంచినీటి ప్రార్థన. ఆ నేలక్రింద గ్రానైటు రాయి యున్నది. ఆ రాతిలోని ఫ్లోరైడు బావినీటను, బోరునీటను కరుగును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు గల నీటిని చిరకాలము త్రాగినచో పండ్లు గారపట్టును. ఇంకను హెచ్చైనచో కీళ్లు బిగిసి వెన్ను వంగిపోవును. మనదేశమున ఈ రోగము తొలుత 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు వర్ణింపబడెను. నల్లగొండ సీమలో పడమటివైపు గ్రామములు దీనివలన మిక్కిలి బాధపడెను. అచ్చట ముప్పదియేండ్ల మనుష్యుడు ముదుసలివలె కఱ్ఱ పట్టుకొని నడచుట సామాన్యమయ్యెను.

ఇదే జిల్లాలో దిగువ భాగమునకు వేరొక భాగ్యము పట్టెను. 1955 డిసెంబరులో నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు విడువబడెను. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములను వరిపొలములుగా మార్చెను. ఎగువవారు అదే కృష్ణానీటి కొరకు మ్రొక్కుచు ఫ్లోరైడు నీరే త్రాగుచుండిరి. కాలువక్రిందివారు మంచివారు, ఎగువవారు చెడ్డవారు అని యెవరును అనలేదు. నేల పల్లమును బట్టి నీరు పారెను. ధనము విషయమున, ఆరోగ్యము విషయమున మాత్రము మనము ఈ న్యాయమును మరచి, కలిగినవాడు దీవింపబడినవాడనియు లేనివాడు శపింపబడినవాడనియు తీర్పు చెప్పుదుము.

ఎగువవారి మొరకు జవాబు వచ్చినది. కాని ఆకాశమునుండి రాలేదు. నాగపూరులోని శాస్త్రజ్ఞులు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటనుండి ఫ్లోరైడును తీయు పద్ధతిని కనిపెట్టిరి. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. బాధితులు వీధులకు వచ్చి యేండ్లతరబడి పోరాడిరి. తమ వంగిన శరీరములను అధికారులకు చూపిరి. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన తరువాత మిషను భగీరథ పేరిట నదీజలము గొట్టముల ద్వారా గ్రామములకు వచ్చెను. 2020లో, రాష్ట్రమున ఫ్లోరైడు నీరు త్రాగు నివాసములు ఇక లేవని కేంద్రప్రభుత్వపు లెక్కలు చెప్పెను.

ఇప్పుడు తాతయు మనుమడును ఒకే గడపలో కూర్చున్నారు. మనుమని పండ్లు తెల్లగా నున్నవి, కాళ్లు చక్కగా నున్నవి. తాత వెన్ను వంగియే యున్నది. ఎముకలకు ఒకమారు పట్టిన ఆ వంకర నీరు మారినంతమాత్రమున పోదు. ప్రార్థన నెరవేరెనా? మనుమని చూచినచో నెరవేరెను. తాతను చూచినచో నెరవేరలేదు. ఈ రెండు మాటలను కలిపి చెప్పగల ధైర్యమే నిజమైన విశ్వాసమని మా తలంపు. తాతతో నీ మనుమడు బాగున్నాడు గదా, నీకేమి దుఃఖము అనుట క్రూరత్వము. మనుమని యెదుట ఏ ప్రార్థనయు వ్యర్థమే యనుట అసత్యము.

5. చెప్పరాని మాటలు

దుఃఖితుని యింటికి పోవువారు నాలుగు మాటలను నోట రానీయరాదు.

మొదటిది: నీ విశ్వాసము చాలలేదు. ఇది చెప్పువారు గాయపడినవానిపై మరియొక గాయము పెట్టుచున్నారు. గెత్సెమనే తోటను చూచినవారు ఈ మాట పలుకజాలరు.

రెండవది: ఏదో పాపముండును. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ ప్రశ్ననే త్రోసివేసెనని యోహాను సువార్త 9వ అధ్యాయము చెప్పుచున్నది. మన సంఘములలో ఇది యింకను వినవచ్చుచుండుట సిగ్గుపడవలసిన విషయము.

మూడవది: దేవుడు మేలు కొరకే తీసికొనెను. ఇది నిజమో కాదో చెప్పు అధికారము మనకు లేదు. దుఃఖించినవాడు ఏండ్లు గడచిన తరువాత తనంతట తాను చెప్పుకొన్నచో వినవచ్చును. పాడెప్రక్కను నిలిచి ఇతరులు చెప్పరాదు.

నాలుగవది, అన్నిటికంటె అపాయకరమైనది: మందు మానుము, ప్రార్థన చాలును. క్షయకు, మధుమేహమునకు, మూర్ఛరోగమునకు మందు మానిన దేహము భక్తిని చూచి విడిచిపెట్టదు. మందును కనిపెట్టిన బుద్ధియు దేవుని దానమే. దానిని త్రోసివేయుట విశ్వాసము కాదు, కృతఘ్నత. మందు మాన్పించి, ప్రాణము పోయిన తరువాత నీ విశ్వాసము చాలలేదనువారు ఒకే మనుష్యుని రెండుమారులు చంపుచున్నారు.

6. విశ్వాసమును నిలుపుకొను దారులు

చెప్పరానివి చెప్పితిమి. ఇక చేయదగినవి చెప్పుదము. ఇవి మంత్రములు కావు, నడచినవారి యడుగుజాడలు.

మొదట, దేవునితో నిజము చెప్పవలెను. కోపమున్నచో కోపమే చెప్పవలెను. లోపల కోపము మండుచుండగా పెదవులమీద స్తోత్రము పెట్టుట ప్రార్థన గాదు. తగవులాడు కుమారుడు ఇంకను ఇంటిలోనే యున్నాడు. మాటలాడుట మానినవాడు ఇల్లు విడిచినాడు.

రెండవది, కోరికను, దాత్రుని వేరుచేసి చూచుకొనవలెను. కోరినది పోయినప్పుడు దాతయు పోయెనా? కలకత్తాలో రోగులను, అనాథలను సేవించిన మదర్ తెరిసాగారి లేఖలు 2007లో ప్రకటింపబడెను. ఆమె దాదాపు ఏబది యేండ్లు ప్రార్థనలో దేవుని సన్నిధిని అనుభవింపలేక చీకటిలో నడచినట్లు వానివలన లోకమునకు తెలిసెను. అయినను ఆ యేబది యేండ్లును ఆమె రోగుల పడకలయొద్దనుండి లేవలేదు. అనుభూతి లేకున్నను నమ్మకముగా నుండవచ్చునని ఆమె జీవితము చూపుచున్నది.

మూడవది, ప్రార్థించిన దిక్కునకే చేతులు చాపవలెను. మంచినీరు కొరకు మ్రొక్కినవాడు నీటిని పరీక్షింపించవలెను. బిడ్డల కొరకు మ్రొక్కినవాడు వారికి టీకాలు వేయించవలెను. అప్పు తీరుటకు మ్రొక్కినవాడు పెండ్లికి క్రొత్త యప్పు చేయరాదు. ప్రార్థన మన చేతిపనికి ప్రతినిధి కాదు, దానికి ప్రారంభము.

నాలుగవది, ప్రార్థింపలేని దినమున ఇతరుల ప్రార్థనలో కూర్చుండవలెను. కఫర్నహూములో పక్షవాతరోగి తానుగా నడువలేకపోయెను. నలుగురు మోసికొనిపోయి యింటికప్పు విప్పి దింపిరి. యేసు వారి విశ్వాసమును చూచెనని మార్కు సువార్త చెప్పుచున్నది. నమ్మలేనివాడు సంఘమునకు రాగూడదను నియమము ఎక్కడను లేదు. నీవు పాడలేనినాడు నీ ప్రక్కవారు పాడుదురు; వారు పాడలేనినాడు నీవు పాడుదువు.

ఐదవది, సాక్ష్యము చెప్పువారు చెప్పు తీరును నేర్చుకొనవలెను. మేలు పొందినవారు కృతజ్ఞత చెప్పుట ధర్మమే. కాని అదే మందిరమున మేలు పొందనివారు కూర్చున్నారని మరువరాదు. అయ్యగార్లు నెలకొక్క ఆదివారమైనను, జవాబు రాని ప్రార్థనలను మోయుచున్నవారి కొరకు, వారి పేరు చెప్పకయే, సంఘమంతయు నిలిచి ప్రార్థించునట్లు చేసినచో ఎంతయో మేలు కలుగును. సంతోషమునకు మాత్రమే వేదికయున్న సంఘము దుఃఖమును వీధిలోనికి త్రోయును.

ముగింపు

ఆ తల్లి యింకను గడపయొద్దనే నిలిచియున్నది. మేము చెప్పిన వాదములలో ఒకటియు ఆమెకు కుమారుని తిరిగి యియ్యజాలదు. ఆ మాట ఒప్పుకొనుట మా విధి. ఆమె పోవలెనా, మానవలెనా యని నిర్ణయించుట మా పని గాదు. కాని ఆమె యొంటరిగా నిర్ణయింపకుండునట్లు చేయుట మనపని. పొరుగింటి తల్లి, ఎవరి కుమారుడు బ్రదికెనో ఆ తల్లి, ఆ యుదయమున వచ్చి ఏమియు బోధింపక ఆమె చేయి పట్టుకొని గడపమీదనే కొంతసేపు కూర్చున్నచో, ఆ యిద్దరి నడుమ నేది ప్రార్థన, నేది జవాబు అని వేరుచేసి చెప్పనక్కరలేదు.

మొలోచ్నా తీరమున మోకరించినవారు సూర్యాపేటను చూడలేదు. శామ్యూల్ డే గుండ్లకమ్మ యొడ్డును చూడలేదు. వంగిన వెన్నుతో మంచినీటికై పోరాడినవారు తమ యెముకలకు ఏ మేలును పొందలేదు. వీరందరును తమ యడిగినది తమకు లభింపకున్నను అడుగుట మానలేదు, పనిచేయుట మానలేదు. విశ్వాసమనగా ఫలితము మనకు కనబడునను ధీమా కాదని వీరు నేర్పుచున్నారు. తాను చూడజాలని పగటి కొరకు చీకటిలో దీపమును చేతబట్టుకొని నిలుచుటయే అది.

గృహమున విచారింపదగిన ప్రశ్నలు

(1) గెత్సెమనే తోటలోని ప్రార్థన నెరవేరకపోవుటవలన, ఫలింపని ప్రార్థనను గూర్చి మనము మానుకొనవలసిన అభిప్రాయము లేవి?

(2) మన యూరిలో ప్రార్థన కొరకు మాత్రము వదలిపెట్టి, చేతులతో చేయదగిన పనిని మరచిన విషయమేదైన కలదా?

(3) గడచిన సంవత్సరమున దుఃఖమునకు లోనైన యింటికి మనము పోయి యేమి మాటలాడితిమి? అందులో చెప్పరాని మాట యేదైన యున్నదా? ఉన్నచో, మరల పోయి క్షమాపణ చెప్పుటకు ఇంకను కాలము మించలేదు.